మేలుకున్న మనిషికి వచ్చిన కలలు

దేవగఢ్ కంటోన్మెంట్,
నవంబరు 1973.

ఎలీసమ్మ వదినకి, కనకరత్నం వందనాలు.

ఇక్కడ చలి మొదలైంది. మధ్యాహ్నం కూడా వార్డుల మధ్య పొగమంచు వదలడం లేదు. ఎదురుగా వచ్చేది డాక్టరుగారో చాకలాయనో దగ్గరికొస్తే గానీ తెలీదు.

అన్నయ్యని అనారోగ్య సెలవు మీద మీ దగ్గరికి పంపాక నా పని మారిపోయింది. వార్డులో నర్సు డ్యూటీ తీసేసి మేజరు డాక్టరుగారి పరిశోధనలో వేశారు. డెబ్భై ఒకటి యుద్ధం నుంచి వచ్చిన జవాన్లలో కొందరికి ఒంటి మీద గీత కూడా లేదు, కానీ మనిషి మనిషిలా లేడు. మనసు ఆ యుద్ధంలోనే ఉండిపోయిందంటారు మేజరుగారు. అలాంటివాళ్ళని సొంత ఊరికి పంపితే బాగుపడతారా లేదా అన్నది ఆయన తేల్చాలనుకుంటున్నారు. గఢ్వాలు నుంచీ, కేరళ నుంచీ, పంజాబు నుంచీ ఇంటివాళ్ళు రాసే ఉత్తరాలు తెప్పించడం, తర్జుమా చేయించడం, ఆలస్యమైతే గుర్తుచేయడం నా వంతు. తెలుగువి నేనే ఇంగ్లీషులో పెడతాను. అన్నయ్య పేరు నేను ఈ పనిలోకి రాకముందే అందులో ఉంది.

మీరు రాయాల్సింది ఇంతే. ఏం తింటున్నాడు, ఎలా నిద్రపోతున్నాడు, చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడా, ఏం కలలొస్తున్నాయి. కలలు మరీ ముఖ్యమట. పగలు ఎంత ధైర్యంగా ఉన్నా కలలో మనిషి దాచుకోలేడని మేజరుగారి నమ్మకం. అన్నయ్య చేత మాత్రం రాయించకండి. ఆఫీసరనే మాట వింటే చాలు, కాలు విరిగి ఉన్నా 'బాగున్నాను సాబ్' అనే రకం. జూలైలో మెడికల్ బోర్డు అతన్ని చూస్తుంది. మీ ఉత్తరాలు అప్పుడు వాళ్ళ ముందుంటాయి.

అన్నయ్య లాన్స్ నాయక్, నేను లెఫ్టినెంటుని. రూలు ప్రకారం నన్ను చూస్తే సెల్యూట్ కొట్టాలి. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగినందుకు ఆ శిక్ష చాలని చెప్పండి.

మీ
కనకం.

*

ముమ్మిడివరం,
డిసెంబరు 1973.

కనకానికి,

నీ ఉత్తరం పోస్టుమేన్ గోవిందరాజులుగారు బడికే తెచ్చి ఇచ్చారు. మిలిటరీ ముద్ర చూసి హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మూడో తరగతి పిల్లలు కూడా లేచారు. నువ్వు లెఫ్టినెంటువని అప్పుడు నమ్మాను.

మీ అన్నయ్య కులాసాగా ఉన్నారు. అన్నం బాగానే తింటున్నారు. సాయంత్రం కాలవ గట్టు దాకా వెళ్ళొస్తారు. మాట తక్కువ, కానీ పెళ్ళైన కొత్తలో మాత్రం ఏం మాట్లాడారు? నీ సెల్యూట్ సంగతి చెప్తే ముందు జడ పంపించమను, ఆనక చూద్దాం అన్నారు. అత్తయ్యగారు అది విని కళ్ళు తుడుచుకున్నారు. కొడుకు నోటంట ఎగతాళి విని చాలా కాలమైంది కదా.

కలల సంగతి అడిగి మంచి పని చేశావు. మన ఇంట్లో అలవాటు నీకు తెలిసిందే. పొద్దున్నే ప్రార్థన అవగానే అత్తయ్యగారు కాఫీ గ్లాసులు అందిస్తూ "ఏం కలొచ్చిందర్రా?" అని అడుగుతారు. ఒకే ఇంటి కప్పు కింద పడుకున్నవాళ్ళ కలలు ఒకళ్ళవి ఒకళ్ళకి వచ్చేస్తూ ఉంటాయని ఆవిడ లెక్క. పేరు పెట్టి చెప్పక్కర్లేదు, ఇంట్లో కల వచ్చిందంటే ఇంటికి వచ్చినట్టే.

ఇదిగో, ఈ వారం కల. కాలవలో నావ వస్తోందట. నావ నిండా చామంతి మొక్కలు. చుక్కాని దగ్గర ఎవరూ లేరట, అయినా రేవు రేవుకీ ఆగుతోందట. రేవులో నిలబడ్డవాళ్ళు తలొక మొక్కా తీసుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. నావ ఖాళీ అయ్యే కొద్దీ నీళ్ళ మీద పైపైకి తేలుతోందట.

ఇది చాలా? మేజరుగారికి నచ్చుతుందా? ఒక్క మాట అడుగుతాను కనకం. ఆ కరెంటు పెట్టే వార్డుకి మళ్ళీ తీసుకెళ్ళరు కదా? ఆ వార్డు పేరెత్తితే ఆయన మొహం నేను చూడలేను.

నీ
వదిన.

*

దేవగఢ్ కంటోన్మెంట్,
ఫిబ్రవరి 1974.

వదినా,

చామంతి నావ మేజరుగారికి ఎంత నచ్చిందో నేను చెప్పలేను. నా ఇంగ్లీషు తర్జుమా ఆయన రెండుసార్లు చదివి, కార్డు మీద తన చేత్తోనే ఎక్కించుకున్నారు. మిగతా ఉత్తరాల్లో కలలు వేరు వదినా. ఒకాయన పరుగెత్తుతూనే ఉంటాడు. ఒకాయన మట్టి తవ్వుతూనే ఉంటాడు. వాటిని కార్డుల మీద ఎక్కించేసరికి నాకు అన్నం సహించదు. అందుకే మీ ఉత్తరం వచ్చిన రోజు నాకు పండగ.

ఇంకా రాయండి. వచ్చిన కల వచ్చినట్టు రాయండి. వార్డు సంగతి దిగులు పడకండి, బాగున్న మనిషిని ఎవరూ తీసుకెళ్ళరు.

కనకం.

*

ముమ్మిడివరం,
మార్చి 1974.

కనకం,

బాగున్న మనిషిని తీసుకెళ్ళరన్న నీ మాట పట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. మీ అన్నయ్య మొన్న బడికి వచ్చి విరిగిన బెంచీకి కాలు బిగించారు. పిల్లలు చుట్టూ మూగారు.

ఇవి ఈ మధ్య వచ్చినవి.

వశిష్ఠ గోదావరి నీళ్ళు అద్దంలా గట్టిపడ్డాయట. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం దాకా జనం నడిచి పోతున్నారు. కింద చేపలు నిద్రపోతున్నాయని చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారట. పెళ్ళివారు కూడా ఉన్నారట, మేళం వాళ్ళు సన్నాయి పెదాల దగ్గర పెట్టుకున్నారు గానీ ఊదడం లేదట. అయినా పాట తెలుస్తోందట.

ఇంకోటి. మన పెరట్లో కొబ్బరిచెట్లన్నీ ఒక్కొక్కటే వంగి, కాయల్ని నేల మీద పెట్టి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాయట. పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు పెట్టాయట. ఒక్క చప్పుడు లేదు.

ఈ రెండోది రాస్తుంటే నాకే మళ్ళీ చూడాలనిపించింది. మధ్యాహ్నం బడి వదిలాక అరుగు మీద కూర్చుని ఆ చెట్ల వంకే చూస్తూ ఉండిపోయాను. ఎండకి గాలి కూడా కునుకు తీస్తోంది. అత్తయ్యగారు వచ్చి, "ఏవమ్మా, మెలకువగానే ఉన్నావా?" అన్నారు. 

నీ
వదిన.

*

దేవగఢ్ కంటోన్మెంట్,
ఏప్రిల్ 1974.

వదినా,

శుభవార్త. మేజరుగారు కొబ్బరిచెట్ల కలని డాక్టర్ల సమావేశంలో పైకి చదివారు.  నీళ్ళు, పచ్చదనం, తొందర లేకపోవడం, భయపెట్టే చప్పుడు మెత్తబడిపోవడం, ఇవన్నీ మనసు నయమవుతోందనడానికి గుర్తులట. సొంత ఊరే మందు అని ఆయన నమ్మినదానికి అన్నయ్యే పెద్ద రుజువు. ఆయన గోడ మీద తగిలించిన గ్రాఫు పటంలో ఒక్కో జవానుకీ ఒక్కో గీత, అన్నయ్యది ఒక్కటే పైపైకి పోతోంది.

బోర్డు ఇక పేరుకేనని అందరూ అంటున్నారు. 'బాగుంది' అని రాసేస్తే ఆగస్టుకల్లా అన్నయ్య రెజిమెంటులో ఉంటాడు. వాళ్ళ దళం ఇప్పుడు పైన మంచుకొండల్లో సరిహద్దు మీద ఉంది. అన్నయ్య మళ్ళీ యూనిఫారం వేస్తాడు వదినా! ఆ వార్డులో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసినదాన్ని, నాకిది ఎంత సంతోషమో మీకు తెలుసు. ఇదంతా మీ చేతి చలవ.

కనకం.

*

ముమ్మిడివరం,
మే 1974.

కనకం,

ఉత్తరం అందింది. ఎండలు మండిపోతున్నాయి. బడికి సెలవులు.

ఈమధ్య కలలు ఏమీ బాగుండటం లేదు. మేజరుగారికి ఇది తప్పకుండా చెప్పు. కత్తిపీట ముందేసుకుని బొమ్మిడాయిలు కోస్తుంటే ఎంత కోసినా తరగడం లేదట. కత్తిపీట మొద్దుబారిపోయిందట. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోతోంది, వాకిట్లో విస్తళ్ళ ముందు జనం కూర్చుని చూస్తున్నారు. చేతికి బూడిద రాసుకున్నా చేప జారిపోతోందట. ఒళ్ళంతా చెమటలు. ఇది చాలా చెడ్డ కల కదా? రోజూ వస్తోంది. మనిషి చిక్కిపోయారు. తిండి లేదు. బోర్డువాళ్ళకి ఇది ముందు చూపించు, పాతవి తీసెయ్యి.

ఎలీసమ్మ.

*

దేవగఢ్ కంటోన్మెంట్,
జూన్ 1974.

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తరవాత మళ్ళీ మొదటినుంచీ చదివాను.

మా అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక కత్తిపీట ముందు కూర్చున్నాడా? బొమ్మిడాయిలకి బూడిద రాయాలని అతనికి తెలుసా? అమ్మ పిలిచినా వంటింటి గడప దాటని మనిషికి ఎసరు ఇంకిపోతోందని కలలో చెమటలు పడతాయా? ఈ కల ఎవరిది?

అక్కడితో ఆగలేదు నేను. పాతవన్నీ మళ్ళీ తీసి చదివాను. నా పక్క గదిలో ఒక బెంగాలీ సిస్టరు ఉంది. అన్నయ్య యుద్ధం చేసిన ఊళ్ళు ఆవిడ పుట్టినింటి వైపే. అక్కడ ఎలా ఉంటుందని అడిగాను. కాలవలు, పడవలు, చెరువు గట్టున కొబ్బరిచెట్లు అంది. నేను మన ఊరి గురించి చెప్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, నువ్వు చెప్తున్నది మా ఊరే కదా అంది. అన్నయ్య కాలవలున్న చోటే కదా నలిగిపోయాడు. అతనికి ఆ కాలవలే అంత తియ్యగా కలలోకి వస్తాయా? ఇది మాకెవరికీ ఎందుకు తట్టలేదు?

మీరు పంతులమ్మ. పిల్లలు ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాస్తే చెవి మెలేస్తారు. నిజం రాయండి. అన్నయ్య ఎలా ఉన్నాడు?

కనకరత్నం.

*

ముమ్మిడివరం,
జూన్ 1974.

కనకం,

చెవి మెలేశావు. సరే, విను.

మీ అన్నయ్య నిద్రపోరు. ఇంటికి వచ్చిన నాటి నుంచీ అంతే. అందరూ పడుకున్నాక గోడకి వీపు ఆనించి కూర్చుంటారు, తెల్లారేదాకా కూర్చునే ఉంటారు. పగలు ఎప్పుడైనా కళ్ళు సగం మూస్తారు, గిన్నె చప్పుడైతే తెరుస్తారు. కాలవ గట్టు దాకా వెళ్తారని రాశాను కదా, వెళ్ళేది మన గేటు దాకా. బడిలో బెంచీ సంగతీ అంతే. అక్కడ నిలబడి కాలవకి వీపు పెట్టి మా వైపు చూస్తారు. ఒకసారి పెరట్లో ఎండు కొబ్బరికాయ పడింది. ఆయన నేల మీద బోర్లా పడుకుని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. అత్తయ్యగారు పక్కన కూర్చుని ఏడ్చారు. ఆ మర్నాడే దింపువాళ్ళని పిలిచి, ఇంటి చుట్టూ చెట్లకి కాయ ముదరకుండానే దించేయమన్నాను. పక్కింటి భూలక్ష్మిగారు అడక్కుండానే తన చెట్లకీ దింపించారు. ఇప్పుడు మా వీధిలో కాయ పడదు. అందుకే చూసేవాళ్ళకి ఆయన బాగున్నట్టే కనబడతారు.

కలలు నావే. కానీ అబద్ధం అనకు. పెళ్ళికి ముందు నాకు కలలే లేవు, దుంగలా నిద్రపోయేదాన్ని, మా పుట్టింటి ఊరు పలివెలలో ఎవరినైనా అడుగు. ఆయన గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాకే నాకివి వచ్చాయి. అత్తయ్యగారి లెక్క నీకు తెలుసు. ఆయనకి రావలసిన కలలు, ఆయన మేలుకుని ఉండటం చూసి, ఆయన పక్కనున్న నా దగ్గరికి వచ్చాయనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కత్తిపీటది మాత్రం కూర్చుని కల్పించాను. నాకు చెడ్డ కలలు రావు, ఏం చెయ్యను?

బాగోలేదని రాస్తే మళ్ళీ ఆ వార్డుకి లాక్కుపోతారని భయపడ్డాను. బాగుందని రాస్తే ఇంట్లో ఉండనిస్తారనుకున్నాను. బాగున్నవాణ్ణి మంచుకొండలకి పంపిస్తారని నాకెవరు చెప్పారు? నువ్వు జూలైలో బోర్డు అన్నావు గానీ ఏ మాటకి ఎటు పంపిస్తారో చెప్పలేదు. నా చేత్తో నేనే ఆయన్ని యుద్ధానికి సాగనంపుతున్నాను కనకం. ఏదో ఒకటి చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆయనకి ఈ ఉత్తరాల సంగతి ఏమీ తెలీదు.

నీ
వదిన.

*

దేవగఢ్ కంటోన్మెంట్,
జూన్ 1974.

వదినా,

మిమ్మల్ని 'వదినగారికి' అని రాసినందుకు క్షమించండి. కోపం వస్తే నాకు మర్యాద ఎక్కువవుతుంది.

ఉత్తరం అందిన పూటే మేజరుగారికి అంతా చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. గోడ మీద పటం వంక చూస్తూ, "పాపం, ఆవిడ ఒక్కతే" అన్నారు. వెంటనే బోర్డుకి నోటు రాశారు. జవాబు ఇవాళ వచ్చింది. నోటుకి ఆధారం రోగి చెల్లెలి మాట, ఆమెకి వచ్చిన సొంత ఉత్తరం, అవి చెల్లవు. ఇంటివాళ్ళు ఇదివరకు సంతకం పెట్టి పంపిన ఉత్తరాలు ఉన్నాయి, వాటిని చూస్తారు, రోగిని అడుగుతారు, అతను చెప్పిందే ఆఖరు మాట.

ఇక ఒక్కటే దారి. అన్నయ్యే నోరు విప్పాలి. 'బాగున్నాను సాబ్' అన్నాడో, అయిపోయింది, కొండ మీదికే. బయలుదేరే లోపు మీరు అతనికి చెప్పండి. కలల సంగతీ చెప్పండి, బోర్డు సంగతీ చెప్పండి. మనిషికి పౌరుషం ఎక్కువ, మెల్లగా చెప్పండి. నా వల్ల కానిది మీ వల్ల అవుతుంది.

కనకం.

*

ముమ్మిడివరం,
జూలై 1974.

కనకం,

ఇవాళ పొద్దున్న అమలాపురం బస్సు ఎక్కించాను. అక్కణ్ణుంచి రాజమండ్రి వెళ్ళి రైలెక్కుతారు. చినుకులు పడుతున్నాయి. బస్సు అద్దం వెనక ఆయన మొహం నీళ్ళలో ఉన్నట్టు కనబడింది.

చెప్పలేదు. చెప్పాలనే గట్టిగా అనుకున్నాను. నిన్నంతా ఆయన చుట్టూ తిరిగాను. బూట్లకి పాలిష్ పెట్టుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను. "ఏవిటి, ఏవన్నా చెప్పాలా?" అని అడిగారు కూడా. యూనిఫారం ఇస్త్రీ చేసి దండెం మీద ఉంది. దాని వంక చూసి, బస్సులోకి పులిహోర కట్టనా అన్నాను. కట్టమన్నారు. మీకు బాగోలేదని పెళ్ళాం నోటితో ఎలా అననే? అంటే ఆయన ఇంకేం మిగులుతారు?

టిఫిను డబ్బా చేతికిచ్చి ఇంటికొచ్చాను. ఇక నీదీ దేవుడిదీ భారం.

ఎలీసమ్మ.

*

దేవగఢ్ కంటోన్మెంట్,
జూలై 1974.

వదినా,

కూర్చుని చదవండి. అమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి.

బోర్డు ఇవాళ అయింది. ముగ్గురు ఆఫీసర్లు, ఓ పక్కగా మేజరుగారు. నేను ఫైళ్ళు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను, నోరు మెదపకూడదన్న షరతు మీద. అన్నయ్య నిటారుగా వచ్చి సెల్యూట్ కొట్టాడు. ఎలా ఉన్నావంటే అనుకున్నట్టే 'బాగున్నాను సాబ్' అన్నాడు. 

అధ్యక్షుడు పెద్దాయన, తెల్ల మీసాలు. సంతోషమని చెప్పి, కాయితాలు తిరగేస్తూ, ఈ కలలు నీవే కదా అని అలవోకగా చదవడం మొదలుపెట్టాడు. నా ఇంగ్లీషుని ఆయన హిందీలో చెప్తున్నాడు. నావ, చామంతులు, గోదావరి మీద చెప్పులు చేత పట్టుకున్న జనం. అన్నయ్య మొదట అర్థం కానట్టు చూశాడు. చేపలు నిద్రపోతున్నాయని అన్న చోట అతని మొహం మారింది. వదినా, నవ్వాడు. చిన్నప్పుడు నా జడ లాగి పారిపోతూ నవ్వేవాడే, ఆ నవ్వు.

ఏదో చెప్పబోయాడు. హిందీ రాలేదు. అన్నేళ్ళు మాట్లాడిన భాష, ఒక్క మాట దొరకలేదు. తెలుగులోకి వచ్చేశాడు. తెలుగు ఎవరికి వచ్చని అధ్యక్షుడు చుట్టూ చూస్తే మేజరుగారు నన్ను చూపించారు. అతను అన్న మాట అన్నట్టు చెప్పు, నీది ఒక్క మాట కలిపినా బయటికి పంపిస్తానన్నాడు పెద్దాయన.

అన్నయ్య అన్నది ఇది. "అవి నావి కావండి. అవి మా ఆవిడ కలలండి. నాకు నిద్దరే లేదండి, కలెక్కడినుంచి వస్తదండి. ఆవిడ నిద్దట్లో మాటాడుద్దండి. నేను గోడకి ఆనుకుని ఇంటానండి. చేపలు లేస్తాయి, చెప్పులిప్పండి, చెప్పులిప్పండి అని అందర్నీ కసిరిందండి ఆ రోజు."

మీరు నిద్దట్లో మాట్లాడతారని మీకు తెలుసా వదినా? నాకు తెలీదు. అమ్మకి కూడా తెలీదనుకుంటాను.

తరవాత అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "నేను యుద్ధం చేసిన చోటు అచ్చం మా ఊరేనండి. ఆ కాలవలు, ఆ చెట్లు. ఇంటికొచ్చాక కాలవ వేపు తల తిప్పలేకపోయానండి. ఆవిడ నిద్దట్లో కాలవ దాటుతుంటే మటుకు బయ్యం వెయ్యదండి. ఆవిడ వెనకాలే నేనూ దాటేత్తానండి. ఆవిడ లేచాక మళ్ళీ నేను ఇవతలే ఉంటానండి."

పెద్దాయన కాయితాలు మూసేశాడు. అయితే నువ్వు ఎలా ఉన్నావు నాయనా అని మళ్ళీ అడిగాడు, ఈసారి ఆఫీసరులా కాదు.

"నాకు బాగోలేదండి" అన్నాడు అన్నయ్య.

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. 'అతనికి బాగోలేదు' అని నోటి దాకా వచ్చింది. అలా చెప్పకూడదు కదా, అతను అన్నట్టే అనాలి. 'నాకు బాగోలేదు సర్' అన్నాను. అని అక్కడే ఏడ్చేశాను. ఎవరూ నన్ను బయటికి పంపలేదు.

సైన్యం నుంచి విడుదల చేశారు. కొండకీ లేదు, వార్డుకీ లేదు. ఆ సంగతి అన్నయ్య కూడా రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాడు. సాయంత్రం క్యాంటీను దగ్గర టీ తాగుతూ తన యూనిఫారం చొక్కా చేత్తో సవరించుకుంటూ ఉంటే చూడలేకపోయాను. అతనికి బాధ ఉంది, మీరు లేనట్టు నటించకండి. ఎల్లుండి రైలు.

మేజరుగారు పటం మీంచి అన్నయ్య గీత చెరిపేశారు. ఇక నుంచి ఇంటివాళ్ళని అడిగే ప్రశ్నల్లో ఒకటి కొత్తగా కలిపారు. మీరు ఎలా నిద్రపోతున్నారు, అని. అందరికీ అది నన్నే రాయమన్నారు. మొదటిది మీకే.

మీ
కనకం.

*

ముమ్మిడివరం,
ఆగస్టు 1974.

కనకం,

మీ అన్నయ్య చేరారు. గోదావరి పొంగి రోడ్ల మీద నీళ్ళు, బస్సు ఆలస్యం. గొడుగు వేసుకుని సెంటర్లో నిలబడ్డాను. దిగగానే టిఫిను డబ్బా చేతికిచ్చి, "కలలన్నీ మిలిటరీకి అమ్మేసేవంట" అన్నారు. సిగ్గుతో గొడుగు చాటుకి మొహం తిప్పుకున్నాను. నిద్దట్లో ఇంకా ఏమేం వాగానో చెప్పమంటే చెప్పరు. మొగుడు వింటున్నాడని తెలిస్తే జాగ్రత్తపడేదాన్ని కదా అన్నాను. అందుకే చెప్పలేదు అన్నారు.

బాధ ఉంది. యూనిఫారం మడిచి పెట్టె అడుగున పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు. చర్చిలో ఎవరైనా పలకరిస్తే 'బాగున్నానండీ' అనబోయి ఆగిపోతారు. ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. కాలవ వైపు ఇప్పటికీ తిరగరు. అన్నీ సర్దుకున్నాయని నీకు రాయను, ఒకసారి అలా రాసి చూశాను కదా.

మీ మేజరుగారి కొత్త ప్రశ్నకి జవాబు. నేను ఇప్పుడు సరిగా నిద్రపోవడం లేదు. ఏం మాట్లాడేస్తానో అని భయం.

అసలు సంగతి ఇది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ముసురు పట్టింది. భోజనాలయ్యాయి. నేను చాప మీద కూర్చుని చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఆయన ఆ చాప అంచునే తల పెట్టి, చెయ్యి కళ్ళ మీద వేసుకున్నారు. కాసేపటికి ఊపిరి మారింది. అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గారు. భూలక్ష్మిగారి పిల్లలు అరుగు మీద అరుస్తుంటే వాళ్ళని తీసుకుని ఎక్కడికో వెళ్ళిపోయారు. నేను చాట కింద పెట్టలేదు. పెడితే చప్పుడవుతుంది. చేతులు లాగేస్తున్నా అలాగే పట్టుకు కూర్చున్నాను. చూరు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఇంట్లో దీపం పెట్టే వేళ దాటిపోయింది.

మధ్యలో ఆయన మాట్లాడారు. నిద్దట్లో. ముందు ఒక పేరు పిలిచారు, మన వైపు పేరు కాదు. తరవాత చాలాసేపు మాట్లాడారు. కొంత హిందీ, కొంత తెలుగు. అది మంచి కల కాదు కనకం. నేను అంతా విన్నాను. అది నీకు రాయను. మీ మేజరుగారు అడిగితే మా వదినకి వినబడలేదని చెప్పు.

లేచి, చీకటి పడిందేవిటని కంగారుగా అడిగారు. నేను చాట దించి చేతులు విదుల్చుకుంటూ, అత్తయ్యగారు అడిగినట్టే అడిగాను, ఏం కలొచ్చిందని.

ఆయన చాప మీద ఒలికిన బియ్యం గింజలు ఏరి చాటలో వేశారు.

"చెప్తాను. ఇవాళ కాదు" అన్నారు.

ఆయ్, అలాగేనండి అన్నాను.

నీ
ఎలీసమ్మ వదిన.